క్లోమం తీసేసిన రోగికి ఏ కోడ్ వేయాలి? ఒక్క కోడ్ ఎందుకు చాలదు

'పాంక్రియాటెక్టమీ అయింది. డయాబెటిస్ ఉంది. ఇన్సులిన్ వాడుతున్నారు.' డాక్టర్ నోట్‌లో కనిపించేది చాలాసార్లు ఇంతే. పాంక్రియాటెక్టమీ అంటే క్లోమాన్ని తీసేసే ఆపరేషన్. రోగనిర్ధారణలను బిల్లులకు, రికార్డులకు కోడ్లుగా మార్చే కోడర్ దీన్ని చదివి ఇ11.9 (కాంప్లికేషన్ లేని టైప్ 2 డయాబెటిస్) వేసి, ఇన్సులిన్ వాడకానికి జెడ్79.4 చేర్చి తర్వాతి చార్ట్‌కు వెళ్లిపోతారు. డయాబెటిస్ ఏ రకమో రాయకపోతే టైప్ 2 గా తీసుకోవాలన్న నియమం అమెరికాలో వాడే ఐసీడీ-10-సీఎం అనే రోగనిర్ధారణ కోడ్ల వ్యవస్థలో ఉంది కాబట్టి ఈ తప్పు తప్పులా కనిపించదు. కోడ్లు రెండూ చెల్లుతాయి. బీమా క్లెయిమ్ కూడా చాలావరకు ఇబ్బంది లేకుండా దాటిపోతుంది. ఆ రోగి ఒంట్లో క్లోమం లేదన్న సంగతి మాత్రం రికార్డులోంచి మాయమైపోతుంది.

ఇది చిన్న విషయం కాదు. టైప్ 2 రోగుల్లో చాలామందికి క్లోమం ఎంతోకొంత ఇన్సులిన్‌ను ఇంకా తయారుచేస్తూనే ఉంటుంది. క్లోమం మొత్తం తీసేసిన వారిలో బయటి నుంచి ఇచ్చే ఇన్సులిన్ తప్ప మరో ఆధారం ఉండదు. మరో ఆపరేషన్ కోసం పస్తు ఉంచినప్పుడో, వాంతులతో ఎమర్జెన్సీకి వచ్చినప్పుడో 'టైప్ 2 కదా, ఈ పూటకు ఇన్సులిన్ ఆపుదాం' అనుకుంటే ప్రాణం మీదికి వస్తుంది. చార్ట్‌లో మొదట కంటపడే జాబితాలో ఏముందన్నది ఇలాంటి వేళల్లో చాలా ముఖ్యం. ఆ జాబితాలోకి రోగనిర్ధారణలు చేరేది ఎక్కువగా కోడ్ల రూపంలోనే.

క్లోమం పోతే పోయేవి

క్లోమం పొట్ట వెనక అడ్డంగా ఉండే అవయవం. తల భాగం చిన్నపేగు మొదలును ఆనుకుని ఉంటుంది, తోక ప్లీహం దాకా సాగుతుంది. దానిలో ఎక్కువ భాగం చేసే పని జీర్ణరసాలు తయారుచేయడం. హార్మోన్లు తయారుచేసే కణాల గుంపులు, అంటే ఐలెట్లు, మొత్తం బరువులో 1 నుంచి 2 శాతమే ఉంటాయి. ఆ కొంచెమే లేకపోతే ఏమవుతుందో 1889లో స్ట్రాస్‌బర్గ్‌లో తేలింది. ఆస్కార్ మింకోవ్‌స్కీ, జోసెఫ్ ఫాన్ మేరింగ్ ఒక కుక్క క్లోమాన్ని తీసేస్తే దానికి తీవ్రమైన డయాబెటిస్ వచ్చింది. 1921లో టొరంటోలో ఇన్సులిన్‌ను వేరుచేయగలిగిన తర్వాతే క్లోమం లేకుండా మనిషి ఏళ్ల తరబడి బతకడం సాధ్యమైంది.

పోయేది ఇన్సులిన్ ఒక్కటే కాదు. షుగర్ పడిపోతున్నప్పుడు దాన్ని పైకి లేపే గ్లూకగాన్ కూడా క్లోమంలోనే తయారవుతుంది, అదీ పోతుంది. అందుకే ఈ రోగుల్లో షుగర్ ఎంత తేలిగ్గా పెరుగుతుందో అంత తేలిగ్గా పడిపోతుంది. కొవ్వును, మాంసకృత్తులను, పిండిపదార్థాలను అరిగించే ఎంజైములూ ఉండవు. ఒకే ఆపరేషన్ వల్ల ఇన్ని లోపాలు ఒకేసారి వస్తాయి కాబట్టే కోడింగ్ కూడా ఒక్క అంకెతో తేలదు.

మూడు కోడ్లు, మూడు వేర్వేరు సంగతులు

ఆపరేషన్ వల్ల డయాబెటిస్ వచ్చిందని డాక్టర్ రాసినప్పుడు ఏం చేయాలో ఐసీడీ-10-సీఎం అధికారిక గైడ్‌లైన్స్ స్పష్టంగానే చెబుతాయి. ముందుగా ఇ89.1, అంటే ఆపరేషన్ తర్వాత ఏర్పడిన ఇన్సులిన్ లేమి. దానికి తోడుగా ఇ13 వర్గం నుంచి తగిన డయాబెటిస్ కోడ్, జెడ్90.41 కింద ఉన్న 'క్లోమం లేదు' కోడ్. దీర్ఘకాలం ఇన్సులిన్ వాడుతుంటే జెడ్79.4 కూడా.

మొదటిసారి చూసినవారికి ఇది ఒకే మాటను మూడుసార్లు చెప్పినట్టు అనిపిస్తుంది. ఏదో ఒకటి తీసేస్తే పోలేదా అనిపిస్తుంది. ఒక్కో కోడ్‌ను విడిగా చూస్తే ఏది తీసేసినా నష్టమేనని అర్థమవుతుంది.

ఇ13 అనేది కలగలుపు వర్గం. ఇన్సులిన్ తయారుచేసే బీటా కణాల జన్యులోపాల వల్ల వచ్చే డయాబెటిస్, ఆపరేషన్ల వల్ల వచ్చేది, మరెక్కడా చోటు దొరకని సెకండరీ (వేరే కారణం వల్ల వచ్చే) డయాబెటిస్ అన్నీ అందులోకే వస్తాయి. ఇ13.9 ఒక్కటే ఉంటే ఆ రోగికి వంశపారంపర్య లోపం ఉందో, క్లోమం తీసేశారో చెప్పలేం. జెడ్90.410 ఒక్కటే ఉంటే అవయవం లేదని తెలుస్తుంది కానీ దానివల్ల ఏ జబ్బు వచ్చిందో, అది ఏ దశలో ఉందో తెలియదు. ఇ89.1 ఈ రెంటినీ కలుపుతుంది. ఫలానా ఆపరేషన్ జరిగింది, దానివల్లే ఇన్సులిన్ లోపించింది అన్న కార్యకారణ సంబంధం ఆ కోడ్‌లోనే ఉంది.

ఇ89.1 దగ్గర కొందరు కోడర్లు వెనకాడతారు. ఆ వర్గం పేరులో 'కాంప్లికేషన్స్' అన్న మాట ఉండడమే కారణం. క్లోమం మొత్తం తీసేస్తే డయాబెటిస్ రావడం ఖాయం, సర్జన్‌కు ముందే తెలుసు, రోగికి చెప్పే చేశారు, మరి దాన్ని కాంప్లికేషన్ అనడం సర్జన్ మీద నింద వేయడం కాదా అన్నది వారి సందేహం. సందేహంలో న్యాయం లేకపోలేదు. కానీ ఆ వర్గం పేరు 'కాంప్లికేషన్స్' దగ్గర ఆగిపోలేదు, 'డిజార్డర్స్' అన్న మాట కూడా పక్కనే ఉంది. ఊహించిన ఫలితమైనా అది ఆపరేషన్ తర్వాత వచ్చిన రుగ్మతే. పైగా గైడ్‌లైన్ ఈ పరిస్థితి పేరు చెప్పి మరీ ఈ కోడ్ వేయమంటోంది. ఇక్కడ కోడర్ సొంత నిర్ణయానికి తావు లేదు.

వరుస కూడా ముఖ్యమే. ఇ89.1 కింద 'అదనపు కోడ్ వాడండి' అన్న సూచన ఉంటుంది. అది ఉన్నప్పుడు ఆ కోడ్ ముందు, అది అడిగిన కోడ్లు తర్వాత రావాలి. ఇ13ని ముందు పెట్టి ఇ89.1ని వెనక్కి నెడితే నియమం తప్పినట్టే.

ఆపరేషన్ అయిన రోజుల్లో కనిపించే తాత్కాలికమైన షుగర్ పెరుగుదల వేరే సంగతి. ఒంటికి తగిలిన దెబ్బకు, సెలైన్లకు, స్టెరాయిడ్లకు షుగర్ పెరిగి రెండు మూడు రోజుల్లో దిగిపోవచ్చు. దానికి ఆర్73.9 వాడాలి. ఇ89.1 కింద ఎక్స్‌క్లూడ్స్1 నోట్‌లో, అంటే కలిపి వేయకూడని కోడ్ల జాబితాలో, ఇది ఉంది కాబట్టి రెండూ ఒకేచోట కలవకూడదు. అలాగే ఆస్పత్రిలో ఉన్నన్నాళ్లు మాత్రం షుగర్ అదుపు కోసం ఇన్సులిన్ ఇచ్చి ఆపేస్తే జెడ్79.4 వేయకూడదు.

మొత్తమా, కొంతా

ఎక్కువ పొరపాట్లు జరిగే చోటు ఇది. జెడ్90.410 అంటే క్లోమం మొత్తం లేదు. జెడ్90.411 అంటే కొంత భాగం లేదు. తేడా తేలిగ్గానే ఉంది. కానీ జెడ్90.410 కింద 'వివరం ఇవ్వని క్లోమం లేమి' కూడా చేరి ఉంది. నోట్‌లో 'పాంక్రియాటెక్టమీ అయింది' అని మాత్రమే ఉంటే పుస్తకం ప్రకారం కోడ్ 'మొత్తం లేదు' వైపే వెళ్తుంది.

నిజానికి జరిగే ఆపరేషన్లలో చాలావరకు కొంత భాగం తీసేవే. క్లోమం తలలో గడ్డ ఉంటే చేసే విపుల్ ఆపరేషన్‌లో తల భాగాన్ని, చిన్నపేగు మొదటి భాగాన్ని, పిత్తాశయాన్ని, పిత్తనాళంలో కొంత భాగాన్ని తీస్తారు. నడిమి భాగం, తోక మిగులుతాయి. డిస్టల్ పాంక్రియాటెక్టమీలో తోక వైపు తీస్తారు, తల మిగులుతుంది. ఈ రోగులకు జెడ్90.410 వేస్తే వారి ఒంట్లో ఉన్న అవయవాన్ని రికార్డులో లేకుండా చేసినట్టే. వివరం లేనప్పుడు మొత్తం లేనట్టుగా లెక్కించే ఈ ఏర్పాటు మంచిది కాదు. వైద్యపరంగా ఎక్కువ తీవ్రమైన స్థితి, తక్కువగా జరిగే ఆపరేషన్, సమాచారం కొరవడినప్పుడు దానంతటదే వచ్చే కోడ్‌గా ఉండకూడదు. కానీ ఉన్న నియమం అది. దాని మీద ఆధారపడేముందు ఈ విజిట్ రికార్డులో ఆపరేషన్ పేరు ఎక్కడైనా ఉందేమో వెతకాలి. 'విపుల్' అన్న ఒక్క మాట దొరికినా కోడ్ మారిపోతుంది.

కొంత భాగమే తీసినవారందరికీ డయాబెటిస్ వస్తుందని అనుకోకూడదు. ఎంత తీశారు, ఏ వైపు తీశారు, మిగిలిన భాగం ఎంత ఆరోగ్యంగా ఉంది అన్న వాటిని బట్టి ఉంటుంది. ఐలెట్లు తోక వైపు ఎక్కువ ఒత్తుగా ఉంటాయి కాబట్టి ఒకే పరిమాణంలో తీసినా ఫలితం ఒకేలా ఉండకపోవచ్చు. డయాబెటిస్ లేని రోగికి జెడ్90.411 ఒక్కటే సరిపోతుంది. ఇ89.1, ఇ13 ఊహించి వేసేవి కావు.

తీసేసిన ఇతర భాగాలకూ కోడ్లున్నాయి. పిత్తాశయం, చిన్నపేగు మొదటి భాగం వంటివాటికి జెడ్90.49, జీర్ణాశయంలో కొంత తీసి ఉంటే జెడ్90.3. వీటిలో ఎన్నటికీ వదిలేయకూడనిది ప్లీహం లేదని చెప్పే జెడ్90.81. తోక భాగాన్ని తీసేటప్పుడు ప్లీహాన్నీ తీయాల్సి రావడం సాధారణం. ప్లీహం లేని మనిషికి న్యుమోకాకస్, మెనింగోకాకస్ వంటి బ్యాక్టీరియాల ఇన్ఫెక్షన్ గంటల్లో ముదిరిపోగలదు. ఆ టీకాలు వేయించారా, జ్వరం వస్తే ఎంత త్వరగా యాంటీబయాటిక్ మొదలుపెట్టాలి అన్న ప్రశ్నలు ఈ కోడ్‌తోనే ముడిపడి ఉన్నాయి.

క్లోమం మార్పిడి మాత్రం వేరు. టైప్ 1 రోగికి దాత క్లోమాన్ని అమర్చినప్పుడు సొంత క్లోమాన్ని సాధారణంగా తీయరు. అక్కడ జెడ్94.83 వస్తుంది, జెడ్90.41 రాదు. పుట్టుకతోనే క్లోమం లేకపోతే అది క్యూ45.0. జెడ్90 వర్గమంతా ఉన్నదాన్ని తర్వాత పోగొట్టుకున్నవారి కోసమే.

ఆపరేషన్‌కు ముందే షుగర్ ఉంటే

అసలు చిక్కు ఇక్కడ ఉంది. క్లోమం ఆపరేషన్‌కు వచ్చేవారిలో చాలామంది షుగర్‌తోనే వస్తారు. కొందరికి ఏళ్లుగా టైప్ 2 ఉంటుంది. కొందరికి దీర్ఘకాలిక పాంక్రియాటైటిస్ (క్లోమం వాపు) వల్ల ఐలెట్లు దెబ్బతిని షుగర్ వచ్చి ఉంటుంది. క్లోమం క్యాన్సర్ వల్లే షుగర్ మొదలైనవారూ ఉంటారు.

వీరి మధ్య తేడాను కోడ్లు గట్టిగానే పాటిస్తాయి. పాంక్రియాటైటిస్ వల్లో క్యాన్సర్ వల్లో వచ్చిన డయాబెటిస్‌కు ఇ08, దానికి ముందు ఆ మూలవ్యాధి కోడ్. టైప్ 2 అయితే ఇ11. ఆపరేషన్ వల్ల వస్తే ఇ13. ఇ08 కింద, ఇ11 కింద ఉన్న ఎక్స్‌క్లూడ్స్1 నోట్లు రెండూ పాంక్రియాటెక్టమీ తర్వాతి డయాబెటిస్‌ను బయట ఉంచుతాయి. అంటే రెండు రకాలు ఒకే మనిషికి ఒకేసారి రాసి తప్పించుకునే దారి లేదు.

మరి పదేళ్లుగా టైప్ 2 ఉన్న మనిషికి క్లోమం మొత్తం తీసేస్తే? శరీరశాస్త్రం ప్రకారం ఆ క్షణం నుంచి అతని పరిస్థితి మారిపోయింది. ఇప్పుడు అతనికి ఉన్నది పూర్తి ఇన్సులిన్ లేమి. కానీ చార్ట్‌లో పాత జాబితా నుంచి 'టైప్ 2 డయాబెటిస్' ప్రతి విజిట్‌లోనూ కాపీ అవుతూ వస్తుంది. కోడర్‌కు వాస్తవం తెలిసినా దాన్ని సొంతంగా దిద్దే అధికారం లేదు. డాక్టర్ రాయని సంబంధాన్ని కోడర్ కల్పించకూడదు, డాక్టర్ రాసిన రకాన్ని మార్చనూ కూడదు. మిగిలిన దారి డాక్టర్‌కు క్వెరీ, అంటే వివరణ కోరే ప్రశ్న, పంపడం. ఇలాంటి చార్ట్ వచ్చిన ప్రతిసారీ ఆ పని చేయాలి. ప్రొడక్షన్ టార్గెట్ టెన్షన్‌లో అది వదిలేయాలనిపించడం సహజమే. కానీ ఈ ఒక్క ప్రశ్న అడగకపోవడం వల్ల రికార్డులో మిగిలే తప్పు ఆ రోగిని ఏళ్లపాటు వెంటాడుతుంది.

'టైప్ 3సి' అన్న మాట కూడా ఈ మధ్య నోట్లలో కనిపిస్తోంది. క్లోమం జబ్బుల వల్లో, క్లోమం పోవడం వల్లో వచ్చే డయాబెటిస్ అంతటికీ వైద్యులు వాడే పేరు అది. కోడింగ్‌కు మాత్రం అది సగం సమాధానమే. జబ్బు వల్లా, ఆపరేషన్ వల్లా అన్నది తేలితేనే ఇ08, ఇ13లలో ఏదో ఒకదాన్ని ఎంచుకోగలం.

క్వెరీ ఎలా రాయాలన్నదీ ముఖ్యమే. 'ఇది ఆపరేషన్ వల్ల వచ్చిన డయాబెటిస్ అని రాయగలరా' అని అడగడం సమాధానాన్ని డాక్టర్ నోటికి అందించినట్టవుతుంది, అలా అడగకూడదు. ఆపరేషన్ తేదీ, ఇన్సులిన్ ఎప్పుడు మొదలైంది, అంతకుముందు వాడిన మందులు వంటి చార్ట్‌లోని ఆధారాలు చూపించి డయాబెటిస్ రకం, కారణం చెప్పమని అడగాలి. టైప్ 2, క్లోమం జబ్బు వల్ల వచ్చినది, పాంక్రియాటెక్టమీ వల్ల వచ్చినది, మరేదైనా, నిర్ణయించలేం అన్న వికల్పాలు ఇవ్వాలి.

షుగర్ పడిపోతే, పెరిగితే

ఇ13 దగ్గరికి వచ్చాక చాలామంది ఇ13.9 వేసి ఆపేస్తారు. అది కాంప్లికేషన్ లేని డయాబెటిస్‌కు మాత్రమే. ఈ రోగులు ఎమర్జెన్సీకి వచ్చేది ఎక్కువగా షుగర్ పడిపోయినప్పుడు. స్పృహ తప్పి కోమాలోకి వెళ్తే ఇ13.641, కోమా లేకపోతే ఇ13.649. 2024 అక్టోబర్ 1 నుంచి షుగర్ ఎంత పడిపోయిందో చెప్పే ఇ16.ఏ1, ఇ16.ఏ2, ఇ16.ఏ3 కోడ్లు కూడా అదనంగా వచ్చాయి. డెసిలీటరుకు 70 మిల్లీగ్రాముల కంటే తగ్గి 54 దాకా ఉంటే మొదటి స్థాయి, 54 కంటే తక్కువైతే రెండోది. అంకెతో సంబంధం లేకుండా మనిషి అయోమయంలో పడి మరొకరు సాయం చేయాల్సి వస్తే మూడోది. గ్లూకగాన్ లేని శరీరంలో ఈ మూడో స్థాయి ఎంత ప్రమాదమో చెప్పనక్కర్లేదు, ఆ వివరం డాక్టర్ రాసినప్పుడు కోడ్‌లోకి రాకుండా పోకూడదు.

ఇన్సులిన్ తప్పిపోయి కీటోఅసిడోసిస్ (రక్తంలో ఆమ్లాలు పేరుకుపోవడం) వస్తే ఇ13.10, కోమాతో ఉంటే ఇ13.11. షుగర్ ఎక్కువగా ఉందని డాక్టర్ రాస్తే ఇ13.65. దానివల్ల దీర్ఘకాలిక కిడ్నీ జబ్బు వస్తే ఇ13.22, దానితో పాటు ఏ దశో చెప్పే ఎన్18 కోడ్. ఏళ్లు గడిచేకొద్దీ ఈ వర్గంలోని కోడ్లన్నీ అవసరం పడొచ్చు.

తిన్నది అరగకపోవడం

అందరి దృష్టీ షుగర్ మీదే ఉండడంతో జీర్ణం సంగతి వెనకబడిపోతుంది. ఎంజైములు లేని రోగి తిన్న కొవ్వు అరగకుండానే బయటికి పోతుంది. బరువు తగ్గుతుంది. ఏ, డి, ఇ, కె విటమిన్లు ఒంటబట్టవు. ప్రతి భోజనంతో పాటు ఎంజైమ్ క్యాప్సూల్స్ వేసుకోవాలి. దీనికి కె86.81 (క్లోమం జీర్ణరసాల పనితీరు లోపం) అనే ప్రత్యేక కోడ్ 2016 అక్టోబర్‌లో వచ్చింది, అంతకుముందు ఇది 'ఇతర క్లోమం జబ్బుల'లో కలిసిపోయి ఉండేది. లేని అవయవానికి 'పనితీరు లోపం' ఏమిటి అన్న అనుమానం అక్కర్లేదు. జెడ్90.41 కింద ఉన్న సూచనే దీన్ని కూడా కోడ్ చేయమంటుంది. మందుల జాబితాలో ఎంజైమ్ క్యాప్సూల్ కనిపించినంత మాత్రాన కోడ్ వేయడం మాత్రం కుదరదు. రోగనిర్ధారణ డాక్టర్ రాయాలి.

క్యాన్సర్ ఉందా, చరిత్రా

గడ్డ తీసేశారు కదా అని వెంటనే జెడ్85.07, అంటే క్లోమం క్యాన్సర్ చరిత్ర, వేసేయడం మరో తరచూ కనిపించే పొరపాటు. ఆపరేషన్ తర్వాత కీమోథెరపీ ఇంకా సాగుతుంటే ఆ వైద్యం ఆ క్యాన్సర్ మీదే జరుగుతోంది. కాబట్టి సి25 కోడే వేయాలి. తలలోని గడ్డ అయితే సి25.0. కీమో కోసమే వచ్చిన విజిట్ అయితే ముందు జెడ్51.11. వైద్యమంతా ముగిసి, వ్యాధి ఆనవాళ్లు లేవన్నప్పుడే చరిత్ర కోడ్. తర్వాత ఎప్పుడో కాలేయంలో అది మళ్లీ బయటపడితే సి78.7 వస్తుంది, మొదటి చోటు మాత్రం చరిత్రగానే ఉండిపోతుంది. వీటిలో ఏది వేసినా జెడ్90.41 కోడ్ పక్కన ఉండాల్సిందే. క్యాన్సర్ కోడ్ వేశాం, అవయవం సంగతి అందులోనే ఉంది అనుకోవడం సరికాదు, సి25 కోడ్ ఆపరేషన్ జరిగిందో లేదో చెప్పదు.

చిన్నప్పుడే ఆపరేషన్ అయినవారు

ఇన్సులిన్ అతిగా తయారై షుగర్ ప్రమాదకరంగా పడిపోయే జన్యులోపంతో పుట్టే పిల్లలు కొందరు ఉంటారు. మందులు పనిచేయనప్పుడు, లోపం క్లోమమంతటా వ్యాపించి ఉంటే 95 నుంచి 98 శాతం దాకా తీసేయాల్సి రావచ్చు. అంత తీసినా అది జెడ్90.411 కిందికే వస్తుంది, మిగిలినది ఎంత చిన్నదైనా మిగిలినట్టే. ఈ పిల్లల్లో చాలామందికి డయాబెటిస్ వెంటనే కాక ఎదిగే వయసులో బయటపడుతుంది. అప్పటికి ఆపరేషన్ చేసిన ఆస్పత్రి వేరు, ఆ ఫైలు వేరు, ఇప్పుడు చూస్తున్న డాక్టర్ వేరు. పదిహేనేళ్ల పిల్లకు ఇన్సులిన్ మొదలైతే టైప్ 1 అని రాసేయడం తేలిక. పాత విజిట్ రికార్డులోంచి నిర్ధారణను ఎత్తి ఇప్పటి విజిట్‌కు కోడ్ వేయడం కోడర్‌కు కుదరదు కాబట్టి, ఆ ఆపరేషన్ సంగతి ఈ రోజు నోట్‌లో ఉంటేనే ఇ89.1, ఇ13, జెడ్90.411 మూడూ నిలబడతాయి. ప్రతి విజిట్‌లోనూ శస్త్రచికిత్స చరిత్ర దగ్గర 'దాదాపు మొత్తం క్లోమం తీసేశారు' అన్న ఒక్క వాక్యం రాసిపెట్టే డాక్టర్ ఉంటే ఆ పిల్ల పెద్దయ్యాక ఏ ఎమర్జెన్సీలో చేరినా, అక్కడివారు పాత ఆస్పత్రికి ఫోన్ చేయకుండానే ఇన్సులిన్ డ్రిప్ ఆపకూడదని తెలుసుకోగలరు.